గంజి పెట్టిన ముఖమల్

జాన్ సైదా గుడ్డను అరచేత్తో ముట్టుకోడు. చెయ్యి తిప్పి వేళ్ళ వెనకవైపుతో ముట్టుకుంటాడు. సుత్తి పట్టి పట్టి అరచేతికి కాయలు కాశాయి, అది అబద్ధాలు చెబుతుంది అనేవాడు. జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురు చూసినట్టు చూసేవాడు ముఖమల్ గుడ్డని, దానిమీది మెత్తటి నూగుని. ఆయన భార్య మస్తాన్ బీ లోపలి గుమ్మంలో నిలబడి నాతో, "నా చెంప ఎప్పుడన్నా అంత మెత్తగా ముట్టుకున్నాడేమో అడుగు జార్జీ," అనేది.

ఆయన తల ఎత్తకుండానే, "నీకు నూగు లేదుగా," అనేవాడు.

తెనాలి స్టేషనుకు దగ్గర్లో ఆయన సోఫాల కొట్టు. కొట్టంటే ముందు ఒక గది, వెనక కాపురం. ఆయన తండ్రి నాటకాల కంపెనీలకు సింహాసనాలు కుట్టేవాడట. ఒకే సింహాసనం మీద ఈవారం ధర్మరాజు కూర్చుంటే పైవారం యముడు కూర్చునేవాడు. "ఎవరు కూర్చున్నా ముందు నలిగేది ముఖమలే," అని తండ్రి చెప్పిన మాట జాన్ సైదా నాకు కనీసం వందసార్లు చెప్పాడు. నాటకాలు తగ్గాక డాక్టర్ల ఇళ్ళలో సోఫాలు, సినిమా హాళ్ళలో బాక్సు సీట్లు కుట్టుకుని ఎనభైల చివరిదాకా నెట్టుకొచ్చాడు. ఆ తరవాత రెక్సిన్ వచ్చింది. ముఖమల్ అడిగేవాళ్ళు ఏడాదికి ఇద్దరో ముగ్గురో మిగిలారు.

నాది రేపల్లె. ఇంటర్ సగంలో వదిలేసి 1989లో ఆయన దగ్గర పనిలో చేరాను. మొదటి నెలలోనే ఒక సోఫా వీపుకు ఒక ముక్క తలకిందులుగా కత్తిరించి కుట్టాను. ఒకే తానులోంచి తీసిన గుడ్డే, కానీ ఆ ఒక్క ముక్క వేరే రంగులా కనిపించింది. ముఖమల్‌కు నూగు ఒకవైపుకే వాలి ఉంటుంది. "కిందికి దువ్వితే పిల్లి, పైకి దువ్వితే ముళ్ళపంది," అని చెప్పి, కుట్టినదంతా నాచేతే విప్పించాడు. ఆ రోజు నుంచి ప్రతి ముక్క వెనకా సుద్దతో బాణం గుర్తు వేయడం అలవాటైంది. ఆ బాణం గిరాకీకి కనపడదు. మంచి పనిలో చాలాభాగం ఇట్లా ఎవరికీ కనపడని వైపే ఉంటుంది. మంచి పనివాళ్ళు ముందుగా చితికిపోయేది కూడా అందుకే అని నాకు ఆయన్ని చూశాకే తెలిసింది.

1993 వేసవిలో మా రేపల్లె చర్చిలో వేదిక మీదికి అయిదు కుర్చీలు చేయించాలనుకున్నారు. డిసెంబరులో బిషప్పుగారు వస్తారు. చర్చి సెక్రటరీ అబ్రహాము మాస్టారు, రిటైరైన హెడ్మాస్టరు, నాకూ చదువు చెప్పినాయన. నేనే ఆయన్ని బతిమాలి ఆ పని జాన్ సైదాకు ఇప్పించాను. గుడ్డ ఎంచటానికి మాస్టారు తెనాలి వచ్చారు. ముగ్గురం బసవేశ్వరరావు బట్టల కొట్టుకు వెళ్ళాం.

బసవేశ్వరరావు రెండు తానులు విప్పించాడు. ఒకటి నూలు ముఖమల్, బాగా పండిన నేరేడుపండు రంగు, మెరుపు లేదు. రెండోది నైలాన్‌ది. ఎర్రగా, ట్యూబులైటు వెలుగులో తళతళలాడుతోంది.

"ఇదయ్యా గుడ్డంటే," అన్నారు మాస్టారు తళతళలాడేదాన్ని చూసి.

"మెరవడానికేముందండి, వంకాయ కూడా మెరుసుద్ది. ఒక్క నిమిషం ఆగండి," అన్నాడు జాన్ సైదా. ఆ గుడ్డను వేలిమీద వెనక్కి మడిచాడు. మడత దగ్గర నూగు విడిపోయి అడుగు నేత బయటపడింది. "చూశారా, బట్టతల." నూలుదాన్ని అట్లాగే మడిచాడు. అడుగు కనపడలేదు. తరవాత రెండింట్లోంచీ ఒక్కో పోగు లాగి అగ్గిపుల్ల గీశాడు.

"సాయిబూ! కొట్లో నిప్పేంటయ్యా బాబూ!" బసవేశ్వరరావు గల్లాపెట్టె దగ్గర్నుంచి ఒక్క గెంతు గెంతాడు.

నూలుపోగు కాగితంలా కాలి బూడిదయింది. నైలాన్ పోగు ముడుచుకుపోయి చివర నల్లపూసలా గడ్డకట్టింది.

"మేమేం కుర్చీలు తగలబెట్టుకోంగదా," అన్నారు మాస్టారు. కొట్లో గుమాస్తాలంతా నవ్వారు.

"తగలబడటం సంగతి కాదండి. వేడి తగిలితే ఇది కరుగుద్ది. కరిగిన నూగు ఇక జన్మలో లేవదు. నూలుది నలిగినా, తడిసినా, ఎంత అణిగినా మళ్ళీ లేపొచ్చు."

"బిషప్పుగారు వచ్చేది మెరిసే కుర్చీలో కూర్చోటానికయ్యా, నలిగే కుర్చీలో కాదు."

ఆ తళతళల తానులో గుడ్డ నాలుగు కుర్చీలకే సరిపోయింది. అయిదోది వేదిక చివర, పాస్టరుగారికి సాయంగా ఉండే ఉపదేశి కూర్చునే కుర్చీ. "దానికి ఏదైతే ఏంటి, ఆ చచ్చు రంగుదే వెయ్యి," అన్నారు మాస్టారు. అట్లా మంచి గుడ్డ అన్నిటికంటే చిన్న కుర్చీకి దక్కింది. ఇంకో షరతు కూడా పెట్టారు. గుడ్డను చెక్కకు మేకులతో బిగించగూడదు, బొత్తాలు పెట్టి గలీబుల్లా కుట్టాలి, ఉతుక్కోవటానికి వీలుగా ఉండాలి. ముఖమల్‌ను ఉతకటమేంటండి అని జాన్ సైదా అక్కడే అరగంట వాదించాడు. ఉతకనిది మురికిగుడ్డ, మురికిగుడ్డ వేదిక మీద ఉండదు అని మాస్టారు తేల్చేశారు. గెలిచినవాడికి గుడ్డ గురించి ఏమీ తెలియదు, తెలిసినవాడు ఓడిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. జాన్ సైదా మాత్రం కొలతలు తీసుకున్నాడు.

ఆగస్టులో కుర్చీలు రేపల్లె చేరాయి. చర్చిలో బల్లమీద గుడ్డలు, తెరలు, పాస్టరుగారి అంగీ ఉతికేది మా పెద్దమ్మ రిబ్కా. జాన్ సైదా ఆమెను కుర్చీల ముందు నిలబెట్టి పాఠం చెప్పాడు.

"చెల్లెమ్మా, దీనికి నీళ్ళు పగ. ఎండ పగ. ప్లాస్టిక్కు వీటన్నిటికంటే పెద్ద పగ, లోపల చెమ్మపట్టి బూజొచ్చిద్ది."

"మరి స్నేహం ఎవరితో అన్నయ్యా దీనికి?"

"ఇదుగో, ఈ బ్రష్షుతో. వారానికొకసారి, పైనుంచి కిందికి. అంతే, ఇంకేం చెయ్యబాకు."

"అట్టాగే," అంది పెద్దమ్మ, తల ఊపి. బ్రష్షు కొంగులో కట్టుకుంది.

అక్టోబరులో బాపట్ల నుంచి పాండురంగారావుగారని ఒకాయన మా కొట్టుకు వచ్చాడు. ఆయన కూడా మాస్టారి దగ్గర చదువుకున్నవాడే. బాపట్లలో పెళ్ళిళ్ళకు పెద్ద హాలు కడుతున్నాడు. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే సోఫా, ముందు వరసలకు అరవై కుర్చీలు కావాలి. జాన్ సైదా కళ్ళలో అంత వెలుగు నేను ముందెప్పుడూ చూడలేదు. ఏడాదిన్నర పని. పాండురంగారావు అన్నాడు: "మాస్టారి చర్చిలో మీ పనితనం చూసి మాట ఇస్తానండి. బిషప్పుగారొచ్చే ఆదివారం నన్నూ రమ్మన్నారు."

సరిగ్గా ఆ నెలలోనే బస్సులకు బాడీలు కట్టే షెడ్డువాళ్ళు జాన్ సైదాను సీట్లు కుట్టటానికి రమ్మని కబురుపెట్టారు. రోజంతా రెక్సిన్ బిగించటం, రోజుకిన్ని సీట్లని లెక్క. "బాపట్ల పనొస్తే రాను, రాకపోతే వస్తా," అని కబురు పంపాడు. అంటే ఆయన ముఖమల్ మేస్త్రీగా ఉంటాడా, బస్సుసీట్ల మనిషి అవుతాడా అన్నది రేపల్లెలో ఉన్న ఆ అయిదు కుర్చీలమీద ఆధారపడింది.

ఆ ఆదివారానికి మూడురోజుల ముందు, గురువారం, నేను మా ఊరు వెళ్ళాను. పెద్దమ్మ వాకిట్లో దండెం మీద చర్చి గుడ్డలన్నీ ఆరేసి ఉన్నాయి. వాటి పక్కన మంచం మీద అయిదు ముఖమల్ గలీబులు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. పైదాన్ని ఎత్తాను. అది వంగలేదు. అప్పడంలా లేచి వచ్చింది.

"పెద్దమ్మా! ఏంటివి?"

"చూడరా, ఎట్టా నిలబడ్డయ్యో!" అంది మురిపెంగా. "సబ్బు పెట్టి, గంజి పెట్టి, తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేశా. రెండు పెట్టెల బొగ్గులు పట్టినయ్యి."

"నీళ్ళు పగ అని ఆయన చెప్పాడుగా!"

"చెప్పాడులే. నూనె తలలు ఆనించి ఆనించి జిడ్డు కారుతుంటే బిషప్పుగార్ని జిడ్డుమీద కూర్చోబెట్టమంటావా? కొత్తలో గనక అట్టా చెప్పాడనుకున్నా. గంజి పెట్టందే ఏ గుడ్డకి మర్యాదరా?"

ఆమె నిర్లక్ష్యం చేసి ఉంటే తిట్టేవాణ్ణి. తన చేతుల్లో ఉన్న గౌరవమంతా ఆ గుడ్డలకు పట్టించింది. నాలుగు ఎర్ర గలీబులు దూడ నాకినట్టు అణిగి, నూనెకాగితంలా మెరుస్తున్నాయి. నేరేడురంగుది గంజితో అట్టకట్టి ఉంది.

ఇంతలో అబ్రహాము మాస్టారు వచ్చారు. గలీబులు చూసి గొంతు పెంచారు. "చెప్పానా? ఒక్క ఉతుకు ఆగలేదు! మీ సాయిబు దొంగగుడ్డ అంటగట్టాడు."

"ఎంచింది మీరు గదండి," అన్నాను.

"కుట్టింది ఎవరు? మంచిగుడ్డ ఉతికేకొద్దీ మెత్తబడుద్ది గానీ ఇట్టా అయిద్దా? పాండురంగారావుకు ఏం మొహం పెట్టుకుని చూపించమంటావు?"

శుక్రవారం పొద్దున నేను తెనాలి వెళ్ళి చెప్పాను. జాన్ సైదా చేతిలో సుత్తి కింద పెట్టి, చొక్కా మార్చుకుని, నాతోపాటు రేపల్లె బండి ఎక్కాడు. వేమూరు దాటాక అడిగాడు:

"గంజి పల్చందా, చిక్కందా?"

"చిక్కందే."

"ఇస్త్రీ వెనకనుంచా, నూగువైపునుంచా?"

"నూగువైపునుంచే బాబాయ్."

భట్టిప్రోలు దాకా వేళ్ళమీద ఏదో లెక్క వేసుకున్నాడు.

పెద్దమ్మ ఇంట్లో ఒక గలీబు తీసుకుని వేలితో కొట్టాడు. టక్‌టక్‌మంది. "నేను చెప్పింది నీ చెవికెక్కలేదా చెల్లెమ్మా?" అన్నాడు. గొంతు బాగా పెద్దదయింది. పక్కింటివాళ్ళు తొంగిచూశారు.

పెద్దమ్మ మొహం మాడిపోయింది. "నాకు తెలిసిన శుభ్రం అదొక్కటే అన్నయ్యా," అంది.

ఆయన గలీబును మంచం మీద పెట్టి చొక్కా చేతులు పైకి మడిచాడు. "సరే. తొట్టి నింపు," అన్నాడు.

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ కలిసి గంజి వదలగొట్టారు. పిండకుండా, రుద్దకుండా, మంచినీళ్ళలో ముంచుతూ తీస్తూ, నీళ్ళు మారుస్తూ ఆరేడు సార్లు. తరవాత వసారాలో నీడపట్టున గాలికి ఆరేశారు. శనివారం పొద్దున్నే ఆ గలీబులు పట్టుకుని మా నాన్న పనిచేసే రైసుమిల్లుకు వెళ్ళాం. ఉప్పుడు బియ్యానికి ధాన్యం ఉడకబెట్టే చోట బాయిలరు ఆవిరి ఊళ్ళో ఇంకెక్కడా దొరకనంత దొరుకుతుంది. ఆ ఆలోచన జాన్ సైదాదే.

"ఏంటి సాయిబుగారూ, ధాన్యంతోపాటు కుర్చీలు కూడా ఉప్పుడేస్తున్నారా?" అన్నాడు ఒక హమాలీ.

"ఉడికితే నీకో ముద్ద పెడతాలే," అన్నాడు జాన్ సైదా.

నేరేడురంగు గలీబును తిరగేసి, వెనకవైపు ఆవిరి తగిలేట్టు మూరెడు దూరంలో పట్టుకోమన్నాడు. నా వేళ్ళు కాలిపోతున్నా వదలనివ్వలేదు. బాగా ఆవిరి పట్టాక తిప్పి, బ్రష్షుతో ముందు పైకి, తరవాత కిందికి దువ్వాడు. నాలుగోసారికి గుడ్డ ఊపిరి పీల్చుకున్నట్టు కదిలింది. గుడ్డులోంచి తడిగా వచ్చిన కోడిపిల్ల ఆరాక బొచ్చు విప్పుకుంటుందే, అట్లా నూగంతా లేచి నిలబడింది. రంగు కాస్త తగ్గింది, అంతే. ఆయన చెయ్యి తిప్పి వేళ్ళ వెనకతో రాశాడు.

మిగతా నాలుగింటినీ ఒక్కోదాన్ని మూడేసి సార్లు ఆవిరిలో పెట్టాం. ఒక్క పోగు లేవలేదు. అవి బసవేశ్వరరావు కొట్లో అగ్గిపుల్లకు పూసకట్టిన పోగులే. చివరిదాన్ని మడిచి నాకిస్తూ, "ఇది పోయింది," అన్నాడు, మనిషి గురించి చెప్పినట్టు.

ఆదివారం అబ్రహాము మాస్టారు నాలుగు కుర్చీలకు తెల్లదుప్పట్లు కప్పించారు. ఉపదేశి కుర్చీని చివరనుంచి తెచ్చి మధ్యలో వేయించారు. బిషప్పుగారు దానిమీదే కూర్చున్నారు. ఆరాధన అయి, జనం భోజనాలకు లేచాక పాండురంగారావు వేదిక దగ్గరికి వచ్చాడు. జాన్ సైదా, నేను అక్కడే నిలబడి ఉన్నాం. పాండురంగారావు ఆ కుర్చీమీద చెయ్యి వేసి రెండుసార్లు నిమిరాడు.

"ఎంత మెత్తగా ఉందండీ!"

"నేను ఎంచిందేనయ్యా," అన్నారు మాస్టారు. "ఆ దుప్పట్ల కిందివి సాయిబు ఎంచినవి."

నేను, "అబద్ధం మాస్టారూ," అన్నాను. మాట నోట్లోంచి పూర్తిగా రాకముందే జాన్ సైదా నా మణికట్టు పట్టుకున్నాడు. "చిన్నపిల్లాడండి," అన్నాడు. నాకప్పుడు ఇరవైమూడేళ్ళు.

"ఎవరు ఎంచితే ఏంటిలెండి," అన్నాడు పాండురంగారావు. "నాకు ఇదే గుడ్డ కావాలి. ఒక్క సంగతి చెప్పండి మేస్త్రీ. మాది పెళ్ళిళ్ళ హాలు. సాంబారు పడుద్ది, ఐస్‌క్రీం పడుద్ది. తడిగుడ్డ పెట్టి తుడుచుకోవచ్చుగా?"

నేను జాన్ సైదా కాలు తొక్కాను. తుడుచుకోవచ్చండి. అంతే అనాలి. ఒక్క మాట. ఏడాదిన్నర పని.

"తుడవకూడదండి," అన్నాడు. "పొడిగుడ్డతో అద్దాలి. ఆరనివ్వాలి. ఆరాక పైనుంచి కిందికి దువ్వాలి. మరక పెద్దదైతే నన్ను పిలవండి, వచ్చి ఆవిరి పడతా. ఎండ తగలనియ్యకూడదు. వానాకాలం తలుపులు మూసెయ్యకుండా గాలాడనివ్వాలి."

"అరవై కుర్చీలకూనా?"

"అరవైకీనండి."

"నేను కుర్చీలు కొంటున్నానా, అరవైమంది పసిబిడ్డల్ని దత్తత తీసుకుంటున్నానా మాస్టారూ?" అన్నాడు పాండురంగారావు. మాస్టారు కడుపుబ్బ నవ్వారు. జాన్ సైదా కూడా నవ్వాడు, అది నాకు మరీ దుర్భరమనిపించింది.

పాండురంగారావు చెడ్డవాడు కాదు. మెల్లిగా అన్నాడు: "పనితనం మీది, అందులో అనుమానం లేదు. రెక్సిన్‌తో చేసిపెట్టండి. పని మీకే ఇస్తా."

జాన్ సైదా వంగి ఆ కుర్చీని వేళ్ళ వెనకతో ఒకసారి ముట్టుకున్నాడు. "రెక్సిన్ బిగించేవాళ్ళు మీ బాపట్లలోనే ఉన్నారుగదండి," అన్నాడు.

తిరుగుబండిలో నేను ఆయనతో పోట్లాడాను. నేను చదివిన పుస్తకాల్లో నిజం చెప్పినవాడికి చివర్లో ఏదో ఒకటి దక్కుతుంది, ఆయనకేం దక్కిందని అడిగాను. ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయేదని అడిగాను. పెట్టెలో జనం మమ్మల్నే చూస్తున్నారు.

"అరవై కుర్చీలకు గంజి పెట్టేవాళ్ళురా," అన్నాడు.

జనవరిలో బస్సుల షెడ్డులో చేరాడు. మస్తాన్ బీ ఊరుకోలేదు. "బాపట్లలో చేదైన రెక్సిన్ ఇక్కడ తీపయిందా?" అంది.

"బస్సుసీట్లకు ముఖమల్ వేయిస్తామని ఎవరూ ఆశ చూపలేదుగా," అన్నాడు ఆయన.

కొట్టు ముందుగదిని ఒక సైకిళ్ళ రిపేరువాడికి ఇచ్చేశారు. నేను గుంటూరులో ఫోము పరుపులు అమ్మే షాపులో కుదిరాను. పరుపును అరచేత్తో నొక్కి చూపిస్తే చాలు, గిరాకీ ఇంకేమీ అడగడు.

రేపల్లెలో ఆ నేరేడురంగు కుర్చీకి బిషప్పుగారి కుర్చీ అని పేరొచ్చింది. ఇప్పుడు దానిమీద ఎవరినీ కూర్చోనివ్వరు. మాసిపోకుండా అబ్రహాము మాస్టారే దగ్గరుండి దళసరి ప్లాస్టిక్కు తొడిగించి, అడుగున మేకులు కొట్టించారు. రెండు వానాకాలాలు గడిచాయి. పెద్దమ్మ ప్రతి శనివారం బ్రష్షు తీసుకుని వెళ్ళి, ఆ ప్లాస్టిక్కు మీదే పైనుంచి కిందికి దువ్వి వస్తుంది. మేకులు పీకమని చెప్పే ధైర్యం ఆమెకు లేదు. లోపల తెల్లగా బూజు పట్టింది. నేను కళ్ళారా చూశాను. నేనూ ఎవరికీ చెప్పలేదు.

పోయినేడు, 1996లో, తెనాలి వెళ్ళినప్పుడు షెడ్డుకు వెళ్ళి జాన్ సైదాను చూశాను. సగం కట్టిన బస్సులో, మోకాళ్ళమీద కూర్చుని, నీలంరంగు రెక్సిన్ లాగి మేకులు కొడుతున్నాడు. గుడ్డ వెనక సుద్ద బాణాలేం లేవు. రెక్సిన్‌కు ఏవైపైనా ఒకటే. మా అమ్మనీ నాన్ననీ అడిగాడు, పెద్దమ్మ మోకాళ్ళ నొప్పుల గురించి అడిగాడు. తరవాత అడిగాడు:

"మన కుర్చీ ఎట్టా ఉంది?"

"బాగుంది బాబాయ్," అన్నాను.

"నూగు?"

"లేచే ఉంది. పెద్దమ్మ వారం వారం దువ్వుతోంది."

ఆయన ఇంకో రెండు మేకులు కొట్టాడు. తల ఎత్తలేదు.

"ప్లాస్టిక్కు ఎప్పుడు తొడిగారు?" అన్నాడు.